అమృతమ్మ సాక్ష్యం

జనవరి 30, గురువారం. మెసయీద్, ఖతార్

యజమాని నుంచి తప్పించుకొని నీ గుమ్మం ఎక్కిన మనిషిని నువ్వు తిరిగి అప్పగిస్తావా? రేపటి ప్రసంగం ఇలాగే మొదలుపెడతాను. ద్వితీయోపదేశకాండం ఇరవై మూడులో మోషే కూడదన్నాడు. బానిసల కాలంలో అమెరికా చట్టం అప్పగించమంది. అయినా బానిసలు పారిపోయారు. సభల్లో నిలబడి వీపు మీది మచ్చలు చూపించారు, యజమానుల పేర్లు చెప్పారు. యుద్ధం వస్తే వేలమంది సైన్యం క్యాంపుల్లోకి నడిచొచ్చి, మమ్మల్నేం చేస్తావని ప్రభుత్వాన్నే నిలదీశారు. ఆ దేశానికి విడుదల కాలినడకన వచ్చింది.

నేను పది తప్పిన స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్‌ని. ఇదంతా ఫోన్‌లో చదివాను. ఒళ్ళు మండుతోంది.

జనవరి 31, శుక్రవారం

దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా సంఘం రెజీనా ఫ్లాట్. ప్రార్థనకు నలభై మంది వచ్చారు. ప్రసంగం అయ్యాక సాక్ష్యం చెప్పమని అమృతమ్మను లేపాను. రాజోలు మనిషి. పనిచేసే ఇంట్లో పదకొండు నెలలు గడప దాటనివ్వలేదు, పాస్‌పోర్ట్ ఇవ్వలేదు. మూడు వారాల క్రితం చెత్త పారేసే వంకతో బయటపడి రెజీనా దగ్గర దాక్కుంది. సాక్ష్యం వద్దు అన్నయ్యా అని బతిమాలింది. అమెరికాలో వాళ్ళు కూడా నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదని గద్దించాను. చెప్పింది. మేడమ్ పేరుతో సహా చెప్పింది. అందరం ఏడ్చాం. మా సంఘం కుర్రాడు జెర్రీ ఫోన్‌లో లైవ్ పెట్టాడు. పెట్టమన్నది నేనే.

ఫిబ్రవరి 2

నాలుగు వేల వ్యూస్. దేవునికి స్తోత్రం.

ఫిబ్రవరి 4, మంగళవారం

వీడియో కింద సురేందర్ అనే అతను మంచి సాక్ష్యమని మెచ్చుకుని, ప్రేయర్ ఎక్కడ జరుగుతుందని అడిగాడు. జెర్రీ లొకేషన్ పంపాడు. ప్రార్థనకొస్తానంటే అడ్రస్ దాచడం మనకు తెలీదు కదా.

ఆ పేరు వినగానే అమృతమ్మ బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకుందట. అతను ఆ మేడమ్ డ్రైవర్.

ఫిబ్రవరి 5

సురేందర్‌కి నేనే ఫోన్ చేశాను. కరీంనగర్ వాడు. బైబిల్ వాక్యం ఎత్తబోతే నవ్వాడు.

"పాస్టరన్నా, ఆమెను నేను పట్టిస్తలేను. మీరే ఊరంతా చూపిచ్చిండ్రు. బిల్డింగ్ ఫోటో తెమ్మన్నది మేడమ్, తెచ్చిన. నా పాస్‌పోర్ట్ గూడ ఆమె తాననే ఉన్నది."

ఆమె కోసం ఎప్పుడొస్తారన్నాను. శుక్రవారం, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడని చెప్పి పెట్టేశాడు.

ఫిబ్రవరి 6, గురువారం. ఉదయం 5:40

ఉపవాసముండి దేవుని కోసం కనిపెడదాం అంటున్నాడు జెర్రీ. రేపు ఎంబసీ సెలవు. ఇవాళ ఎంబసీ తలుపు తీసేసరికి ఆమె నా పక్కన అక్కడ ఉండాలి. డ్యూటీ పోతే పోనీ. పెన్ను కింద పెట్టు. బయలుదేరు. ఈ రోజే.