టక్కుమనే చప్పుడు

4 జూన్ 2024, మంగళవారం

రైఫిల్ మోత తగ్గించే సప్రెసర్లు రెండూ వచ్చాయి. ఒకటి మర రకం. బ్యారెల్ చివర తిప్పి తిప్పి బిగించాలి. రెండోది క్విక్ డిటాచ్. దాని మౌంట్ ఎప్పుడూ బ్యారెల్‌కే ఉంటుంది. సప్రెసర్‌ని దాని మీదికి తోసి కాస్త తిప్పితే టక్కుమని లాక్ అవుతుంది.

పామాయిల్ తోటల్లో అడవిపందుల్ని కాల్చడం మా యూనిట్ పని. కాల్పుల మోతకి షూటర్ల చెవులు పాడవుతున్నాయి. అందుకే ఈ కొనుగోలు. అన్ని రైఫిళ్లకీ ఒకే రకం తీసుకుంటారు. ఏ రకమో ఆయుధాల టెక్నీషియన్‌గా నేను రాసివ్వాలి.

మా ఆఫీసర్ కుమరన్ సర్ మనసులో క్విక్కే ఉంది. రిపోర్ట్ ఉట్టి ఫార్మాలిటీ అన్నారు. కాల్చి చూడకుండా రాయనన్నాను. షూటర్‌గా మారియప్పన్ మావని అడిగాను. అమ్మకి తమ్ముడు. యూనిట్‌లో ఆయనంత గురి ఎవరికీ లేదు.

6 జూన్

రోజంతా షూటింగ్ రేంజ్‌లోనే. మర రకం తేలిక. తీసి మళ్లీ పెట్టినా గుండ్లు అదే చోట పడుతున్నాయి. కానీ కాల్చే కొద్దీ వదులవుతుంది. చేత్తో పట్టి చూసుకుంటూ ఉండాలి. వేడెక్కాక గ్లవ్ లేకుండా ముట్టుకోలేం.

క్విక్ బరువు ఎక్కువ. తీసి పెట్టిన ప్రతిసారీ గురి రవ్వంత జరుగుతోంది. పందిని కాల్చే దూరానికి అది లెక్కలోకి రాదు. పెట్టడం మాత్రం క్షణంలో పని. కుమరన్ సర్ స్వయంగా పెట్టి, టక్కుమనగానే చిన్నపిల్లాడిలా నవ్వారు.

7 జూన్

నా ఓటు కూడా క్విక్‌కే పడేలా ఉంది.

12 జూన్, సాయంత్రం

ఇది ఈరోజే రాయాలి.

బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గర తోటలో ఉన్నాం. పందుల మంద కాలవ దాటి ఎదురుగా వచ్చింది. మావ గబగబా క్విక్ సప్రెసర్ పెట్టి రైఫిల్ ఎత్తాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. నాకు టక్కుమన్న చప్పుడు వినబడలేదు.

“మావా, ఆగు!” అని అరిచాను. మావ ఆగలేదు. తల కూడా తిప్పలేదు. మళ్లీ అరిచాను. ట్రిగ్గర్ మీదికి వేలు వెళ్తోంది. భుజం పట్టుకుని వెనక్కి గుంజాను. పందులు చెదిరిపోయాయి.

సప్రెసర్ ముట్టుకుంటే నా చేతిలోకి ఊడొచ్చింది. లాక్ పడలేదు. కాల్చి ఉంటే గుండు లోపలి గోడకి తగిలి సప్రెసర్ ముక్కలయ్యేది. మావ మొహం దానికి మూరెడు దూరంలో ఉంది.

“టక్కుమంది కదే, నాను ఇన్నాను” అన్నాడు. లేదు మావా అన్నాను. నేను అరిచింది విన్నావా అని అడిగాను.

“ఎప్పుడు అరిసినావు?” అన్నాడు.

13 జూన్

పొద్దున్నే మావ ఇంటికొచ్చాడు. చెవులు ఏడాదికి పైగా సరిగ్గా వినబడటం లేదట. పోయినసారి హియరింగ్ టెస్ట్‌లో, శబ్దం వినగానే నొక్కాల్సిన బటన్‌ని నర్సు చెయ్యి కదలడం చూస్తూ నొక్కేశాడట. పూంగొడి అత్తకి కూడా తెలియదట.

“రాయకే వసంతీ. రాస్తే నన్ను ఆఫీసులో కూకోబెడతారు గదే. నానేటి సేస్తాను అక్కడ? స్టాంపులు ఏసుకోనా?”

దోసె వేసి పెట్టాను. తిని వెళ్లాడు.

14 జూన్

కుమరన్ సర్‌కి తోటలో జరిగింది చెప్పాను. మావ చెవుల సంగతి ఇంకా చెప్పలేదు. “ట్రైనింగ్ ఇష్యూ అంతే, వసంతి” అన్నారు. మళ్లీ నేర్పితే సరిపోతుందట.

ఎవరికి నేర్పాలి? మావకి నేర్పించే మనిషి యూనిట్‌లో లేడు.

18 జూన్

చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుని, పైన చెవులు కప్పే మఫ్స్ కూడా తగిలించుకుని కూర్చున్నాను. మావ చెవులతో చూద్దామని. రెండు సప్రెసర్లూ తీయడం, పెట్టడం. పొద్దున్నంతా అదే పని.

మసి పట్టిన క్విక్ మౌంట్ సగంలోనే గట్టిగా ఆగుతుంది. లాక్ పడిందనిపిస్తుంది. చాలాసార్లు మోసపోయాను. లాక్ పడితే కంటికి తెలిసేలా పెయింట్‌తో గుర్తు పెట్టి చూశాను, మసి దాన్నీ మింగేసింది. మర రకం ఒక్కసారి కూడా మోసం చేయలేదు. ఇక తిరగనన్నప్పుడు చేతికే తెలుస్తుంది. వదులైనా చేతికే తెలుస్తుంది.

చెవులు పాడైన వాళ్ల కోసం కొంటున్నాం. చెవితో కనిపెట్టాల్సిన లాక్ పెట్టుకుని కొంటామా?

19 జూన్

మర రకం అని రాసి, మావ పేరు ఎత్తకుండా వదిలేయొచ్చు. రిపోర్ట్‌కి అది చాలు. కానీ రేపు ఇంకో తోటలో “ఆగు, మనుషులున్నారు” అని ఎవరో అరుస్తారు. మావకి వినబడదు. మర బిగించినంత మాత్రాన ఆ ప్రమాదం ఆగదు.

రెండూ రాస్తాను. ముందు మావకే చెప్తాను.

20 జూన్

చెప్పాను. కాఫీ గ్లాసు అలాగే వదిలేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “అక్క కూతురివి, నువ్వేనా?” అన్నాడు. నేనే మావా అన్నాను.

రిపోర్ట్ ఇచ్చేశాను. కుమరన్ సర్ మండిపడ్డారు. పైవాళ్లకి క్విక్ అని మాటిచ్చేశారట. మసి పట్టిన మౌంట్, సప్రెసర్, మఫ్స్ ఆయన ముందు పెట్టి, మఫ్స్ తగిలించుకుని మీరే బిగించండి సర్ అన్నాను. బిగించారు. నేను పట్టి లాగితే ఊడొచ్చింది. ఇంకోసారి బిగించారు. మళ్లీ ఊడింది. మఫ్స్ తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత సంతకం పెట్టారు.

24 జూన్

మావని ఫీల్డ్ నుంచి తీసేశారు. ఆఫీసులో కాదు, రేంజ్‌లో వేశారు. కొత్తవాళ్లకి గురి నేర్పాలి. కుమరన్ సర్ వేయించారట. నేను అడగలేదు.

మావ నాతో మాట్లాడటం లేదు.

22 జూలై

మావ రెండు చెవులకీ మిషన్లు వచ్చాయి. రేంజ్‌లో పక్కనే నిలబడి, ఎలా ఉంది మావా అని అడిగాను. ఉలిక్కిపడి చెవి మూసుకున్నాడు.

“ఎందుకే అలగ అరుస్తావు?”

నేను మామూలుగానే మాట్లాడాననుకున్నాను.