ఇంట్లో పిలిచే పేరు

సువార్తక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నరసరావుపేటలో మన ఆసుపత్రి రికవరీ వార్డులో నీ డ్యూటీ ఇప్పుడు నాదే.

ఆపరేషన్‌కు ముందే ప్రతి పేషెంటునూ ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి పెట్టుకునేదానివి. మత్తులో ఉన్నవాళ్లు కేసు షీటులో పేరుకు పలకరనేదానివి. తర్వాత చెవి తమ్మె మెల్లగా నొక్కుతూ ఆ పేరుతోనే లేపేదానివి.

ఈ ఉదయం హడావిడిలో అడగడం మర్చిపోయాను. గురజాల నుంచి వచ్చిన పెద్దావిడ, గర్భసంచి ఆపరేషన్. మధ్యాహ్నం వార్డుకు తెచ్చాక, "రమణమ్మగారూ, కళ్లు తెరవండి" అని ఎంత పిలిచినా ఉలకలేదు. ముద్దుపేరేమన్నా ఉందా అని తలుపు దగ్గరకెళ్లి కోడల్ని అడిగాను.

"ఏమో సిస్టర్, మాకు తెలవదు" అంది.

వెనక్కి తిరిగేసరికి ఆవిడ కళ్లు తెరిచి ఉంది. వార్డులో ఇంకెవరూ లేరు.

"బుల్లెమ్మా అని పిలిచిందెవరమ్మా? మా అమ్మ పోయినాక ఎవరూ అట్టా పిలవలా."

"ఎవరు పిలిచారు?"

"ఇంకో సిస్టరమ్మ. నా చెవి పట్టుకొని పిలిచింది. చెయ్యి చానా చల్లగా ఉంది."

ఆవిడ ఆక్సిజన్ మాస్కు సరిచేయబోతే నా చేయి పట్టుకుంది.

"చిట్టి అన్నం తిన్నదో లేదో అడగమంది. చిట్టి ఎవరు తల్లీ?"

నన్ను అలా పిలిచింది నువ్వొక్కదానివే.

ఎవరో తెలియదన్నాను. ఆవిడ బీపీ చూసి షీటులో రాశాను. నాలుగింటికి నా బాక్సు తెరిచాను. మెతుకు కూడా మిగల్చలేదక్కా.