ఉదయగిరి కొండకు కొత్త గైడు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ ఫోన్ నేనే వాడుతున్నాను. పోయిన వారం హైదరాబాదు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నువ్వు లేవని చెప్పాను. "ఉదయగిరి కొండల్లో క్యాంపింగుకు ఇప్పుడెవరు తీసుకెళ్తారు?" అని అడిగింది. "నేనుండాను గదమ్మా" అనేశాను. ఆత్మకూరులో చీరలమ్ముకునే నాకు కొండదారులేం తెలుసు?

ఆమె వచ్చాక కొండెక్కడం మొదలుపెట్టి, రెండో మలుపులోనే దారి తప్పించాను. ముళ్లకంపకు నా ప్యాంటు చిరిగింది.

"మీకు నిజంగా దారి తెలుసా?"

"తెలీకేంది? ఇది షార్ట్‌కట్టు."

ఆమె నవ్వి ముందు నడిచింది. నీతో రెండుసార్లు వచ్చిందట. తన పెద్ద బ్యాగుతో పాటు నా సంచీ కూడా మోసింది. బండలమీద నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించింది. టెంటు వేసి ఉప్మా చేసింది. గైడుగా నేను చేసిన పని ఆ ఉప్మా తినడమే.

తెల్లారి లోయ అంచున ఆగి, "మీ అన్న ఇక్కడ అందరిచేతా కేక వేయించేవారు. మీరూ వెయ్యండి" అంది.

చేతులు నోటి చుట్టూ పెట్టుకుని "అన్నా!" అని అరిచాను.

ఎదుటి బండల్లోంచి నీకు ఎంతమంది తమ్ముళ్లు పలికారో! ఆ అమ్మాయి షూ లేసు కట్టుకుంటూ చాలాసేపు తలెత్తలేదు.