నెల్లూరులో ఇల్లు చూశాను

ఖిన్,

నువ్వు పోయి నేటికి ఏడాది. రంగూన్ నుంచి నిన్ను జువ్వలదిన్నె తీసుకొచ్చినప్పుడు ఊరంతా చూడ్డానికి వచ్చింది గానీ, ఒక్కరూ నిన్ను తమ గడప లోపలికి పిలవలేదు. ఇప్పుడు మన పిల్లనూ అలాగే చూస్తున్నారు. అచ్చం నీ ముఖమే కదా. అందుకే ఊరు మారిపోదామని ఈ ఉదయం దాన్ని వెంటబెట్టుకుని నెల్లూరులో ఇల్లు చూడబోయాను.

ఇంటామె ముసలావిడ. పిల్లను చూసి ఏమంటుందోనని జంకుతూ నిలబడ్డాను. ఆమె మా వెనక్కి చూసింది.

“ఆయమ్మ ఎండలో నిలబడుకోనుండాదే అబ్బయా! లోపలికి రమ్మను.”

“ఎవరమ్మా?”

“అదే, బుగ్గలకి గంధం పూసుకోనుండాదే, ఆయమ్మ.”

తిరిగి చూస్తే వీధి ఖాళీ. నువ్వు రోజూ మీ రంగూన్ వాళ్లలా చెట్టు బెరడు గంధంలా అరగదీసి బుగ్గలకు పూసుకునేదానివని ఆమెకు నేను చెప్పలేదు.

పిల్ల నా వెనకే గడప దాటి, పక్కకు జరిగి దారిచ్చింది.

ఆ ఇల్లే ఖాయం చేసుకున్నాను.