దిండ్ల కొట్టు, పడక బల్ల

ఇది నా వీలునామా. దీనికి ముందు రాసినది ఏదీ లేదు, కనుక రద్దు చేయవలసినదీ లేదు.

నేను, బస్సులు తిరిగే వీధి మలుపులో ఉన్న దిండ్ల కొట్టు యజమానిని, వయసు డెబ్బై నాలుగు, ఎదుట దిండ్లాయన అనీ చాటున మెడ వంకరాయన అనీ అందరూ పిలిచే మనిషిని, ఈ కాగితం నా చేత్తో నేనే రాసుకుంటున్నాను. నా బుద్ధి నిలకడగా ఉంది. మెడ నిలకడగా లేదు. మెడ సంగతి రాయనక్కర్లేదు, బుద్ధి సంగతి చాలు అన్నారు ప్లీడరుగారు. ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ, మొహమాటమూ లేవు. మొహమాటం లేకుండా నేను చేసిన పనులు తక్కువ. ఇది ఒకటి.

పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోవాలి. నాకు పిల్లలు లేరు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. నా తదనంతరం తగువు పడడానికి ఇద్దరే ఉన్నారు. ఒకరు నా మేనల్లుడు. ఇంకొకరు మా కొట్టుకు దిండు గలీబులు కుట్టే ఆవిడ. ఆ ఇద్దరికీ పడదు. తగువల్లా కొట్టులో ఉన్న పడక బల్ల గురించే. అందుకే ఈ కాగితం.

1. అమలు జరిపేవారు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఎదురుగా ఉన్న టీ కొట్టాయనకు అప్పగిస్తున్నాను. ఆయన సాక్షి కూడా. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు ఏమీ రాయకూడదట. అందుకని ఆయనకు ఇవ్వదలచిన గోడ గడియారం నిన్ననే ఇచ్చేశాను. మేకు కూడా పీకి ఇచ్చాను. ఇన్నేళ్ళలో రోజూ ఆయన నన్ను అడిగిన మాట ఒకటే, "ఏమయ్యా, ఇవాళ ఎంతమందిని పడుకోబెట్టావ్?" అని. నేను జవాబు వెతుక్కునేలోపు గ్లాసు పెట్టి వెళ్ళిపోయేవారు. ఆదివారాలు ఆయన కొట్టు తీయరు. ఆదివారాలు నాకు ఎక్కువసేపు ఉండేవి.

2. కొట్టు గది. నా స్వార్జితమైన ముందు గది, వెనక గది, పైకప్పు, తలుపులు, కరెంటు మీటరు సహా మా చెల్లెలి కొడుక్కు రాస్తున్నాను. 4వ అంశంలోని షరతుకు లోబడి, అతను దానిని సర్వహక్కులతో అనుభవించవలసినది.

కారణం చెబుతాను. స్పాంజి పరుపులు వచ్చిన ఏడాదే మా కొట్టు మూతపడవలసింది. తలుపు మీద బోర్డు వేయించింది అతను. ఫోనులో దారి కనిపించేలా పెట్టింది అతను. కొత్తవాళ్ళు ఆ దారి పట్టుకునే వచ్చారు. ఆ మాట నేను అతనితో ఎప్పుడూ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

అతను పెద్ద పెద్ద హాళ్ళలో వ్యక్తిత్వ వికాసం గురించి, సొంత వ్యాపారం గురించి చెబుతాడు. బాగా చెబుతాడట. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. "మా మావయ్య ఒక చిన్న గదిలో, ఒక గోనె దూదితో మొదలుపెట్టాడు" అని మొదలుపెట్టి, నన్ను లేచి నిలబడమన్నాడు. నేను అప్పటికే బాత్రూములో ఉన్నాను. చప్పట్లు అక్కడికి వినిపించాయి. బయటికి రాగానే ఎవరో మైకు పెట్టి, "సార్, మీ విజయ రహస్యం ఏమిటి?" అన్నారు. "దూది" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

3. పడక బల్ల. ఇది టేకు బల్ల. ముందు గదిలో పరదా వెనక ఉంది. నా ఆస్తి అంటే నా లెక్కలో ఇదే.

నా భార్య ఉన్న రోజుల్లో బేరం మాట్లాడటం, గలీబు కుట్టడం ఆమె పని. దూది ఏకి కూరడం నా పని. ముక్కుకు గుడ్డ కట్టుకుని వెనక గదిలో ఉండేవాణ్ణి. ముక్కుకు గుడ్డ ఉంటే ఎవరూ పలకరించరు. హాయిగా ఉండేది. ఆమె పోయాక కొట్టు తీసిన రోజు ఒకాయన వచ్చి దిండు కావాలన్నారు. ఎలాంటిది అని అడగాలి. నోరు పెగల్లేదు. ఆయన నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. ఏం చేయాలో తోచక బల్ల చూపించాను. ఆయన కూర్చున్నారు. దిండు తెచ్చి పెట్టాను. పడుకున్నారు. మెడ కింద చెయ్యి పెట్టి చూస్తే ఎత్తు ఎక్కువైంది. పిడికెడు దూది తీసి మళ్ళీ పెట్టాను. ఇంకోసారి తీద్దామని చూసేసరికి ఆయనకు నిద్ర పట్టేసింది. లేపడానికి కూడా నోరు పెగల్లేదు. స్టూలు మీద కూర్చున్నాను. లేచాక ఆయన, "ఇదేమిటయ్యా, మా ఇంట్లో పట్టని నిద్ర ఇక్కడ పట్టింది" అని దిండు చంకలో పెట్టుకుని వెళ్ళారు. మర్నాడు వాళ్ళ తమ్ముణ్ణి పంపారు.

మా కొట్టు పద్ధతి అలా వచ్చింది. మా మేనల్లుడు దీనికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టి, గొప్ప వ్యాపార సూత్రం అని హాళ్ళలో చెబుతున్నాడు. సూత్రం కాదు. సిగ్గు.

పద్ధతి ఇది. మనిషి పక్కకు తిరిగి పడుకోవాలి. వెనక నుంచి చూస్తే మెడ ఎముక, వెన్నెముక ఒకే వరసలో ఉండాలి. అరచెయ్యి పెట్టి చూసి, పిడికెళ్ళ లెక్కన దూది తీయాలి, లేదా కూరాలి. నిద్ర పడితే కొలత కుదిరినట్టు. పట్టినవాళ్ళను లేపకూడదు. వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా కొట్టు మూయకూడదు.

అలా నేను చాలామందితో గడిపాను. మాట్లాడింది తక్కువ. డబ్బాలో తెచ్చుకున్న అన్నం కూడా వాళ్ళ పక్కనే స్టూలు మీద కూర్చుని తినేవాణ్ణి. మూత చప్పుడు కాకుండా తీయడం అలవాటైంది. ఇంటి దగ్గర కూడా అలాగే తీస్తున్నాను. అక్కడ లేచేవాళ్ళు ఎవరూ లేరు.

4. షరతు. మా మేనల్లుడు ఈ బల్ల తీసేసి, రెండు సోఫాలు, ఒక అద్దాల బీరువా పెట్టి, వెల్‌నెస్ సెంటరు అని బోర్డు మారుస్తానంటున్నాడు. గలీబుల ఆవిడ వింటూ ఉండి, "సోఫాలో కూర్చుంటే మెడ కొలత తెలుస్తుందా బాబూ? పోనీ నువ్వు కూర్చో, నేను కొలుస్తా" అంది. "అక్కా, నువ్వు గలీబుల సంగతి చూసుకో, చాలు" అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరూ నాతో చెబుతారు. నేను ఇద్దరికీ తల ఊపుతాను. నా మెడతో అది కూడా కష్టమే.

అబ్బాయీ, నువ్వు తెల్లవారకముందే లేస్తావు. మనిషి ఎదగాలంటే ముందు నిద్ర తగ్గించుకోవాలని పదిమందికీ చెబుతావు. నీ కళ్ళ కింద నలుపు నేను చూస్తున్నాను. ఫోను మీదికి వంగి వంగి నీ మెడ ముందుకు వచ్చేసింది. పడుకోరా, కొలత చూస్తాను అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక్కసారి అన్నాను. "తర్వాత మావయ్యా, టైము లేదు" అన్నావు.

కనుక షరతు. నా తదనంతరం, కొట్టు స్వాధీనం చేసుకునే ముందు, నువ్వు ఈ బల్ల మీద పడుకోవాలి. ఫోను టీ కొట్టాయన దగ్గర ఉంచాలి. గలీబుల ఆవిడ కొలత చూసి దిండు పెడుతుంది. నిద్ర పట్టాలి. పట్టకపోతే ఇంకో రోజు రావాలి. నీ అంతట నువ్వు లేవాలి. లేచాక కూడా బల్ల తీసేయాలనిపిస్తే తీసెయ్యి. నాకు అభ్యంతరం లేదు. టీ కొట్టాయన కూడా అడ్డు చెప్పకూడదు.

5. గలీబుల ఆవిడకు. నా భార్య కుట్టు మిషను, కత్తెరలు, దబ్బనాలు, దూది ఏకే మిషను, వెనక గదిలో ఉన్న దూది యావత్తూ. ఆమె ఈ కొట్టులో ఉండదలచినంత కాలం వెనక గదిలో పని చేసుకునే హక్కు ఆమెది. నా మేనల్లుడు గానీ అతని వారసులు గానీ ఆటంకపరచరాదు. బల్ల తీసేసే పక్షంలో ఆ బల్ల కూడా ఆమెదే. ఎక్కడ వేసుకుంటుందో ఆమె ఇష్టం. ఆమె నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. మొదట అలా పిలిచిన రోజు నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా వచ్చారేమో అని.

6. స్పాంజి పరుపుల షాపాయనకు. "పాత దూది వదలండి, ఆరోగ్యం పొందండి" అని ఆయన తన షాపు ముందు బోర్డు పెట్టారు. నా కొట్టు వైపు తిప్పి పెట్టారు. చాలాకాలం నాకు ఆ బోర్డు చూస్తే టీ చేదుగా ఉండేది. తర్వాత ఒక వాన రోజు, వీధిలో ఎవరూ లేనప్పుడు, ఆయన మెడ పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చారు. బల్ల మీద గురక పెట్టి పడుకున్నారు. దిండును తన కంపెనీ సంచిలో పెట్టుకుని వెళ్ళారు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాసినందుకు ఆయన ఏమీ అనుకోకూడదు. బోర్డు సంగతి మాఫ్ చేస్తున్నాను. ఆయన బతికున్నంతకాలం ఆ దిండు ఊరికే ఏకి ఇవ్వాలి. వెనక గుమ్మంలోంచి రావచ్చు.

7. మా చెల్లికి. నా రేడియో. ఫోను చేసినప్పుడల్లా "తిన్నావా అన్నయ్యా" అంటుంది. తిన్నానంటాను. వెనక చప్పుడు విని "ఎవరొచ్చారు?" అనేది. "ఎవరో ఒకరులే" అనేవాణ్ణి. అది ఈ రేడియో. దానికి రెండో బటను గట్టిగా నొక్కాలి.

8. నా దిండు. ఇది నా భార్య చివరగా కుట్టింది. నా తల కింద చెయ్యి పెట్టి చూసి, ఆమే కొలత పెట్టింది. దూది దిండు రెండేళ్ళకోసారి విప్పి ఏకాలి, లేకపోతే అణిగి గడ్డలు కడుతుంది అని వచ్చినవాళ్ళందరికీ నేనే చెబుతాను. నాది విప్పలేదు. విప్పాలంటే ఆమె కుట్టు తెంపాలి. ఇప్పుడది అట్టలాగా ఉంది. నా మెడ వంకర అక్కడిదే. పోనీ ఇంకొకటి చేసుకుందామంటే, ఎవరి కొలత వాళ్ళు చూసుకోలేరు. చూద్దామని తల ఎత్తితే కొలత పోతుంది. ఇంకో మనిషి ఉండాలి.

ఈ దిండు విప్పకుండా, అలాగే నా తల కింద పెట్టి నన్ను సాగనంపవలసినది.

పై వాక్యం కొట్టేసినట్టుగా భావించవలెను. అక్కడిదాకా నిన్న రాశాను. రాస్తూ మెడ రుద్దుకుంటుంటే గలీబుల ఆవిడ కుట్టిన గలీబులు తెచ్చి గుమ్మంలో నిలబడింది. "బాబాయ్, ఆ కాగితం ఎక్కడికీ పోదు. ఒకసారి పడుకోండి" అంది. వద్దన్నాను. "ఊళ్ళో అందరి మెడలూ చూశారు, మీ మెడ చూస్తే తప్పా?" అంది. ఆమెతో వాదించడం కంటే పడుకోవడం తేలిక.

ఆ బల్ల వేసిన నాటి నుంచి నేను దాని మీద పడుకోలేదు. పక్కకు తిరిగేముందు చూశాను, పైకప్పులో ఒక దూలానికి చీలిక ఉంది. ఇన్నాళ్ళూ నాకు తెలియదు. వచ్చినవాళ్ళందరికీ తెలుసన్నమాట. ఆమె నా మెడ కింద అరచెయ్యి పెట్టింది. గరుకు చెయ్యి, సూది పొడుచుకున్న వేళ్ళు. బల్ల మీది దిండులోంచి ఒక పిడికెడు దూది తీసింది, మళ్ళీ సగం పెట్టింది. తర్వాత నాకు తెలియదు.

లేచేసరికి కొట్టు తలుపులు తెరిచే ఉన్నాయి. లైటు వేసి ఉంది. ఆమె స్టూలు మీద కూర్చుని డబ్బాలోది తింటోంది. మూత ఒళ్ళో గుడ్డ మీద పెట్టుకుంది, చప్పుడు కాకుండా. "లేచారా" అంది, అంతే. నేను కాసేపు గోడ వైపు తిరిగి ఉన్నాను.

కనుక ఈ అంశం ఇలా మారుస్తున్నాను. రేపు ఆ దిండు విప్పుతాము. ఈలోపు నేను పోతే ఆమె విప్పవలసినది. కుట్టు కత్తెరతో కోయకుండా ఒక్కొక్క పోగూ తీయాలి. దారం ఏమైనా మిగిలితే నా జేబులో పెట్టాలి. దూది ఏకి, సగం నా తల కింద పెట్టే దిండులో కూరాలి. మిగతా సగం బల్ల మీది దిండులో కలపాలి. నా భార్యకు మనుషులంటే ఇష్టం. రోజూ ఎవరో ఒకరు వచ్చి పడుకుంటారు.

నన్ను తీసుకెళ్ళే ముందు ఎవరైనా ఒకరు నా మెడ కింద చెయ్యి పెట్టి కొలత చూడాలి. పోయినవాడికి కొలత ఏమిటని ఎవరైనా అంటే, చూశాక అనమనండి.

పైన రాసినది నేను నా పూర్తి ఇష్టంతో రాసి, చదువుకుని, సరిగా ఉందనుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

తేదీ: 2025 ఫిబ్రవరి 11, మంగళవారం.

మొదటి సాక్షి: ఎదురుగా ఉన్న టీ కొట్టాయన. వచ్చి కూర్చున్నారు. "ఇంకెంతసేపయ్యా, పాలు పొంగుతాయి" అంటున్నారు.

రెండవ సాక్షి: సిమెంటు లారీ డ్రైవరుగారు. సంతకం పెడతానని మాట ఇచ్చి, మెడ చూపించుకుంటానని బల్ల మీద పడుకున్నారు. నిద్ర పట్టింది. ఆయన లేచేదాకా నా సంతకం చోటు ఖాళీగా ఉంచుతున్నాను.

లేచారు.

(సంతకం)
దిండ్లాయన