ఉగ్గాని హోటలు ఎవరికి

ఎమ్మిగనూరు, మంత్రాలయం రోడ్డులో కాపురముండే కీర్తిశేషులు గోపన్న భార్య నాగలక్ష్మమ్మ అను నేను, అరవై తొమ్మిదేండ్ల వయసులో, తెలివి కుదురుగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న వీలునామా. మోకాళ్లు మాట వినకపోయినా మతి బాగానే ఉండాది. చెప్పింది చెప్పినట్టు రాయమని దస్తావేజు లేఖరి వెంకటేశ్వర్లుకు చెప్పినా.

1. నా నివాసపు ఇల్లు నా అనంతరం నా కొడుకు సుధీర్‌కు సర్వహక్కులతో చెందవలెను.

2. నా కమ్మలు, గాజులు, నూలు చీరలు కూతురు శివానికి. ఆస్పత్రిలో దినమంతా నిలబడే పిల్ల, ఇంటికొచ్చినాక మెత్తటి బట్ట కట్టుకోవాల.

3. నా స్వార్జితమైన బొరుగుల ఉగ్గాని హోటలు సంగతి తేల్చుకోడానికి ఏడాది పట్టింది. ఇయ్యదగినోళ్లు ముగ్గురు: సుధీర్, శివాని, నా తోటికోడలు కృష్ణవేణమ్మ. మా మరిది పోయినప్పట్నుంచి, ఇరవై రెండేండ్లు, ఆమె నా పక్కనే పొయ్యికాడ నిలబడింది.

నోటుబుక్కులో ఐదు సంగతులు రాసినా: చేతి రుచి, ఓర్పు, పనివాళ్లను చూసుకునే తీరు, హోటలు నడిపే మనసు, రక్తసంబంధం. ఒక్కోదానికి ఇరవై మార్కులు. కృష్ణవేణికే ఎక్కువొచ్చినాయి. నాకు కడుపు మండింది. రుచిని పదికి తగ్గించి, రక్తసంబంధాన్ని ముప్పై చేసినా. సుధీర్ ముందుకొచ్చినాడు. ఆ కాగితాన్ని నెల దినాలు దిండు కింద పెట్టుకున్నా.

అంతలో వాడే వచ్చి, "సెల్‌ఫోన్ల షాపుకు బాడిగకిస్తే ఏ తలనొప్పీ ఉండదు గదమ్మా" అన్నాడు. దాచకుండా చెప్పినాడు, వాని మీద కోపం లేదు. కానీ నడిపే మనసే లేనోనికి మిగతావాటిలో ఎన్ని మార్కులొచ్చి ఏం లాభం? శివానిని అడిగితే "ఉద్యోగం విడవలేనమ్మా" అనింది. ఇంక మిగిలింది కృష్ణవేణి ఒక్కతే.

4. ఇది దస్తావేజులో అక్కర లేదన్నాడు వెంకటేశ్వర్లు. రాయమన్నా.

శానా ఏండ్ల కిందట, రాఘవేంద్రస్వామి ఆరాధన దినాల్లో, వచ్చినోళ్లంతా కృష్ణవేణి బాండ్లి కాడికే పోతాండ్రి. ఆమె పక్కకు తిరిగినప్పుడు దాంట్లో రెండు పిడికిళ్ల ఉప్పు వేసినా. యాత్రికులు ప్లేట్లు వదిలేసి లేచిపోయినారు. గోపన్న అందరి ముందర ఆమెను తిట్టినాడు. ఆమె నా చేతుల దిక్కు చూసింది. వేళ్లకు ఉప్పు ఇంకా అంటుకోనే ఉండాది. "నాదే తప్పు బావా" అనింది. ఆ మాటతో నాకు ఆమె మీద కోపం ఇంకా పెరిగింది.

గోపన్న మంచం పట్టినాక, నేను ముద్ద కలిపి పెడితే "వేణి చేసిందేనా?" అని అడిగి గాని నోరు తెరవకపాయె. అవునని చెప్పి, నేను చేసిందే పెడతాంటి.

5. కావున హోటలు, పాత్రలు, పొయ్యిలు సదరు కృష్ణవేణమ్మకు చెందవలెను. ఉల్లిగడ్డలు కోసే ఏసన్నను, ఆయనంతట ఆయన మానుకునేదాకా పనిలో ఉంచవలెను. బోర్డు మీద నా పేరు మార్చరాదు. రుచి ఆమెదని ఊరంతా అంటాది, పేరన్నా నాది ఉండనీ.

అమలు జరిపే బాధ్యత మా వీధి అక్బర్ మాస్టరుది. ఆయన ఎవరికీ మొహమాటపడడు. ఉప్పు సంగతి ఆమెకు ఆయనే చదివి వినిపించాల. బతికుండగా చెప్పే ధైర్యం నాకు లేకపాయె.

6. హోటల్లో గల్లాపెట్టె పైన ఉండే గోపన్న ఫోటోను, నేను పోయిన దినమే తీసి శివాని ఇంటికి పంపవలెను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన కృష్ణవేణిని చూస్తా ఉండడం నాకు ఇష్టం లేదు.

చదివించుకొని విని, సరిగా ఉందని ఒప్పుకొని చేసిన సంతకం.

ఎమ్మిగనూరు, 18 నవంబరు 2024
(సం.) నాగలక్ష్మమ్మ

సాక్షులు:
దాదా ఖలందర్
గౌసియా