పది లెక్కపెట్టేదాకా

ఫిలొమినా అక్కా,

గుండె ఆగిపోయేముందు మీ తమ్ముడు అనీబల్ ఏమన్నాడని మీరు సమాధి దగ్గర అడిగితే, ఏమీ అనలేదన్నాను. అబద్ధం చెప్పాను.

ఆ పొద్దున కేప్ కాడ్ రేవు బయట పడవలో మేమిద్దరమే. నేను గాలానికి బతికున్న ఈల్ చేపను గుచ్చి వదిలాను. చారల బాస్ చేప సంగతి మీకు తెలుసుగా, ఎరను ముందు నోట కరుచుకుని పోతుంది, మింగడానికి కాస్త టైం తీసుకుంటుంది. తొందరపడి లాగితే ఉత్త గాలమే చేతికొస్తుంది. అందుకే అనీబల్ రూలు పెట్టాడు: చేప ఎర అందుకున్నాక పది లెక్కపెట్టేదాకా పడవలో ఎవడూ నోరు విప్పకూడదు. ముప్పై ఏళ్లుగా ఆ రూలు తప్పిందీ నేనే, తిట్లు తిన్నదీ నేనే. "నీ నోటికి తాళం వేసి, తాళంచెవి సముద్రంలో పారేస్తాన్రా" అనేవాడు.

ఆ రోజు నా గాలం దారం పరుగు తీసింది. లెక్క మొదలెట్టాను. మూడు దగ్గర వెనకనుంచి "ఒరే, ఇటు చూడరా" అన్నాడు, మెల్లిగా. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, ఆగమన్నాను.

మళ్లీ మాట్లాడలేదక్కా. రూలు పెట్టినవాడు కదా, ఆగాడు.

నేను పదీ లెక్కపెట్టాకే తిరిగి చూశాను.